నిలుపుకాల్ పెట్టేసిన రోజు

నమోదు 1. ఆరో తెప్ప, బయలుదేరే ముందు

పడవలో సిగ్నల్ మేస్త్రీ రోజూ నమోదు రాయాలని రూలు. దాన్ని ఎవరూ చదవరన్నది అంతకన్నా గట్టి రూలు. కాబట్టి కేబుళ్ళ సంగతి రెండు ముక్కలు రాసేసి మిగతా పేజీ నా ఇష్టానికి వాడుకుంటున్నాను. కేబుళ్ళు బాగున్నాయి. అయిపోయింది.

పొద్దున్నే అందరినీ డెక్కు మీద కూర్చోబెట్టి రోమింగు పాఠం చెప్పాను. సరిహద్దు బోయా, అంటే మా నీళ్ళ హద్దున తేలే గుర్తు, దాటకముందే రోమింగు మూసెయ్యాలి. డేటా మూసెయ్యాలి. యాప్‌లు తమంతట తాము కొత్తవి కాకుండా, బొమ్మలు తమంతట తాము పైకి ఎక్కకుండా అన్నీ మూసెయ్యాలి. పడవ ఉపగ్రహం జోలికి అసలు పోకూడదు, అది అన్నిటికన్నా పెద్ద నోరున్న రాకాసి. ఇంటివాళ్ళతో మాట్లాడాలనిపిస్తే రేవు హాల్లో ఉచిత నెట్ ఉంటుంది, అక్కడిదాకా ఓపిక పట్టాలి. అన్నీ మూసినా రింగు మాత్రం వస్తుంది. మోగి ఆగిపోతే అది మిస్డ్ కాల్, దానికి ఖర్చు లేదు. ఎత్తారా, అయిపోయారు.

అయిపోయేది మేము కాదు, మా తెప్ప, నీళ్ళ మీద తేలే మా ఊరు. బయటి నీళ్ళ సిగ్నల్ స్తంభం మా ఫోనును పట్టుకుంటే దాని కూలి మా తెప్ప గాలివాటాలోంచి గుంజుకుంటుంది. గాలివాటా అంటే రుతువుకు ఒకసారి తెప్ప మొత్తానికి ఇచ్చే మాటల కోటా. తుఫాను కబురు, బడి పాఠాలు, గట్టుమీది డాక్టరు కనిపించే తెర, అన్నీ దాని మీదే నడవాలి. పోయిన ఏడాది మూడో తెప్పవాడొకడు బయటి నీళ్ళలో కూర్చుని కోడిపందేలు చూశాడు. ఆ రుతువంతా మూడో తెప్పకు తుఫాను కబురు లేదు.

వంట ఎర్రయ్య మావయ్య అడిగిన సందేహమే మళ్ళీ మళ్ళీ అడిగాడు. ఆయన భయం ఆయనది. కూతురు మరిడికి నెలలు నిండాయి, బిడ్డ అడ్డం తిరిగి ఉంది. గట్టుమీద డాక్టరు తెరలో చూస్తూ చెబుతుంటే మా నర్సమ్మ కాన్పు చెయ్యాలి. వాటా లేకపోతే తెర లేదు. మరిడికి తల్లి కూడా లేదు. ఫోను నా చేతికిచ్చి, నువ్వే అన్నీ మూసెయ్యి తల్లీ, నా వేళ్ళను నేను నమ్మను అన్నాడు. ఇంత భయస్థుడివి సముద్రం మీద ఎలా బతికావు మావయ్యా అని ఏడిపించాను. అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు.

నమోదు 2. సరిహద్దు బోయా

నిలుపుకాల్‌లు, అంటే తెంచకుండా నిలిపి ఉంచే ఫోను కాల్‌లు, హోల్డులో పెట్టే పని అయింది. ఇది బయటివాళ్ళకు చెబితే నవ్వుతారు గానీ మా తెప్పల మీద ప్రాణం. ఇంట్లోంచి ఎవరు నీళ్ళ మీదకు పోతున్నా గడప దగ్గరే చెవిలో ఇయర్‌ఫోను పెట్టుకుని కాల్ కలుపుకుంటాం. తిరిగొచ్చి తాడు కట్టేదాకా పెట్టెయ్యం. మాటలాడుకోవడానికి కాదు. ఆ చెవిలో ఎసరు మరుగుతుంటుంది, ఈ చెవిలో నీళ్ళు కొట్టుకుంటుంటాయి. మా నీళ్ళలో మా స్తంభం కింద దీనికి ఖర్చేమీ లేదు. పుట్టినప్పటి నుంచీ చెవిలో ఏదో ఒక ఇల్లు ఉంటుంది కాబట్టి దాన్ని కాల్ అని కూడా అనుకోం. నిలుపుకాల్‌ను పెట్టేసేది ఒక్క సందర్భంలోనే. మనిషి నీళ్ళలో పోయాడని తేలాక పెద్దలంతా కూర్చుని పెట్టేస్తారు.

బయటి నీళ్ళకు పోయేటప్పుడు మాత్రం బోయా దగ్గర హోల్డులో పెడతాం. మా స్తంభమే ఆ లైనును పట్టుకుని ఉంటుంది, ఇంటివాళ్ళకు గోడ గడియారంలా టిక్కు టిక్కుమని వినబడుతుంది. బోయా దాటితే హోల్డు పనిచెయ్యదు, అందుకే ముందే చెయ్యాలి. ఒక్కొక్కరూ ఇంటివాళ్ళతో హోల్డులో పెడుతున్నానని చెప్పడం, నేను నొక్కడం. ఎర్రయ్య మావయ్య కూతురితో చెప్పడానికి చాలాసేపు పట్టింది. సరంగు సూరిబాబు, అంటే మా పడవ పెద్ద, ఇంజను ఆపి మరీ ఓపిక పట్టాడు.

దాటగానే అన్ని ఫోన్లకూ కబురొచ్చింది. పగడాల సమాఖ్య నీళ్ళకు స్వాగతం, మా ధరలు ఇవీ అని. అందరి సెట్టింగులూ మళ్ళీ చూశాను, నాది కూడా చూశాను. అన్నీ మూసి ఉన్నాయి. నాకు నేనే వీపు తట్టుకున్నాను.

మావాళ్ళు చెవులు తడుముకుంటున్నారు. ఖాళీగా ఉందంట, నిద్ర పట్టదంట. మగాళ్ళ గోల భరించలేం. నాకలాంటి బాధేమీ లేదు. మా ఆయన ధనరాజు ఈ వేళప్పుడు పీతల బుట్టలకు చీలలు దిగ్గొడుతుంటాడు. ఆ చెక్కసుత్తి చప్పుడు నాకెంత అలవాటంటే ఎక్కడున్నా వినబడుతూనే ఉంటుంది.

ఆయన గురించి ఇక్కడ రాయకూడదనుకున్నాను. మేమిద్దరం మాట్లాడుకోవడం లేదు. ఇదివరకు ఈ పడవకు మేస్త్రీ ఆయనే. స్తంభం మీంచి పడి కాలు పోగొట్టుకున్నాక ఇంటిపట్టున బుట్టలు అల్లుతున్నాడు. ఆయన ఉద్యోగానికి నేను సంతకం పెట్టి వచ్చాకే ఆయనకు చెప్పాను. ముందు చెబితే వద్దంటాడని భయం. ఆయన వద్దనలేదు, సరేననలేదు, ఇక మాట్లాడనే లేదు.

నమోదు 3. సమాఖ్య నీళ్ళు, విరిగిన స్తంభం

పని మొదలైంది. తుఫానుకు సమాఖ్యవాళ్ళ స్తంభాల్లో ఒకదాని నడుము విరిగింది. దాన్ని నిలబెట్టి తీగలు కలపడం మా కాంట్రాక్టు. పైన దీపాల పలక ఉంటుంది, అదింకా వెలగడం లేదు. అది వెలిగితే సగం పని అయినట్టే.

సాయంత్రం ఓడల బులెటిన్‌లో మా తెప్ప నుంచి ఒక్క ముక్క వచ్చింది. బులెటిన్ ఉచితం కాబట్టి ఎవరేం చెప్పాలన్నా అందులో ఒక్క ముక్కే చెప్పుకోవాలి. గాలివాటా కారిపోతోంది, మీ పడవలోంచే, చూసుకోండి. అంతే.

సరంగు నన్ను పిలిచాడు. ఆయన గొంతు పెంచడు. పెంచితే బాగుండనిపిస్తుంది. మళ్ళీ అందరి ఫోన్లూ చూశాను. ఒక్కటీ తెరిచి లేదు. పాఠం చెప్పింది నేను, మూసింది నేను, హోల్డులో పెట్టింది నేను. నా పని మీద మచ్చ పడినట్టయి తిండి సహించలేదు. ఎవడో దొంగచాటుగా తెరుస్తున్నాడు, మళ్ళీ మూసేస్తున్నాడు. అంతకన్నా దారి లేదు.

ఎర్రయ్య మావయ్య వంటగదిలో పొయ్యి చాటున ఫోను తీసి చూసుకోవడం ఇద్దరు వెల్డర్లు చూశారట. నాకు చెప్పారు. నేను సరంగుకు చెప్పాను.

నమోదు 4. అక్కడే

అన్నాల దగ్గర పంచాయితీ అయింది. ఫోను ఎందుకు తీస్తున్నావని సరంగు అడిగాడు. మరిడి బొమ్మ చూసుకుంటున్నానన్నాడు మావయ్య. అది ఫోనులోనే ఉన్న పాత బొమ్మ, దానికి ఏ వాటా అక్కర్లేదు. ఆ మాట నేను చెప్పి ఉండాల్సింది. చెప్పాను కూడా. దాని వెనకే ఇంకో మాట కూడా చెప్పాను. ఫోను బాగా పాతది, చూడ్డానికి తెరిచినప్పుడల్లా లోపల ఏదో తనంతట తాను నడుస్తూ ఉండొచ్చు అన్నాను. అందరూ నా మొహమే చూస్తున్నారు, మేస్త్రీ అన్నాక ఏదో ఒక జవాబు చెప్పాలి కదా.

ఆ ఒక్క మాటతో తేలిపోయింది. సరంగు ఆయన ఫోనులోంచి బ్యాటరీ తీసి, టేపు చుట్టి తన పెట్టెలో పెట్టుకున్నాడు. వెల్డర్లలో ఒకడు, కన్నకూతురి కాన్పు వాటా కన్నతండ్రే తినేశాడని గొణిగాడు. మావయ్య లేచి అందరికీ పులుసు వడ్డించాడు. నాకు ఎప్పటిలాగే చేప తలకాయ వేశాడు.

అంతసేపూ నా చెవిలో సుత్తి చప్పుడు కూడా ఆగిపోయినట్టనిపించింది.

నమోదు 5. స్తంభం మీద

దీపాల పలక వెలిగింది. ఎలా రాయాలో తెలియడం లేదు, జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఆ పలక మీద బయటి ఫోను ఏదైనా స్తంభాన్ని పట్టుకుంటే దానికో చిన్న దీపం వెలుగుతుంది. చుట్టుపక్కల మా పడవ తప్ప ఇంకేదీ లేదు. మా ఫోన్లన్నీ మూసి ఉన్నాయి, ఒకదానికి బ్యాటరీయే లేదు. అయినా ఒక దీపం వెలుగుతోంది. తీగ తప్పు కలిపానేమోనని ఊడదీసి మళ్ళీ కలిపాను. మళ్ళీ వెలిగింది. ఊరికే వెలగడం లేదు, ఆగి ఆగి మినుకుమంటోంది. చూస్తూ కూర్చున్నాను. ఆ మినుకు నాకు తెలిసిన లెక్కలో పడుతోంది. మూడు వేగంగా, ఒకటి గట్టిగా. చీల దిగ్గొట్టే లెక్క.

నా చెవిలో సుత్తి పడినప్పుడల్లా దీపం వెలుగుతోంది.

బోయా దగ్గర అందరివీ హోల్డులో పెట్టాను, నాది పెట్టలేదు. సెట్టింగులన్నీ మూశాను, అవి కొత్తగా ఏదీ తెరుచుకోకుండా ఆపుతాయి. అప్పటికే నడుస్తున్న కాల్‌ను ఏ సెట్టింగూ తెంచదు. అది మా స్తంభం చేతిలోంచి వాళ్ళ స్తంభం చేతిలోకి మెత్తగా మారిపోయింది. ఈ సంగతి నాకు తెలియంది కాదు. నాకు నేర్పింది ధనరాజే.

మరిచిపోయానా? హోల్డులో పెట్టాలంటే అవతలి మనిషికి చెప్పాలి. చెప్పాలంటే మాట్లాడాలి. మా ఇద్దరిలో ముందు మాట్లాడినవాళ్ళు ఓడినట్టు లెక్క. అందరిదీ అయ్యాక చేద్దాంలే అనుకున్న గుర్తుంది. ఆ తరవాత గుర్తు లేదు. గుర్తు లేకుండా నేనే చూసుకున్నానేమో కూడా తెలియదు.

నిచ్చెన దిగడం మొదలుపెట్టాను. కింద మావయ్య చేపలు తోముతున్నాడు. జాగర్తమ్మా, నిచ్చెన తడిగా ఉంది అన్నాడు.

నమోదు 6. అక్కడే

చెప్పలేదు.

రాయడానికి కూడా సిగ్గుగా ఉంది గానీ రాస్తాను, ఎవరూ చదవరు కాబట్టి. చెప్పడానికి నిన్న సాయంత్రం ఉంది, ఈ పొద్దుంది, మధ్యాహ్నం ఉంది. ముందు లైను పెట్టేసి తరవాత చెబుదామనుకున్నాను. ఎవరికీ తెలియకుండా పెట్టేస్తే కారడం ఆగిపోతుంది, మావయ్య బ్యాటరీ తీసినందువల్లే ఆగిందనుకుంటారు, కథ సుఖంగా ముగుస్తుందని కూడా అనుకున్నాను. అంత నీచంగా అనుకున్నాను.

అదీ చెయ్యలేదు. బోయా దాటాక హోల్డు లేదు, పెట్టెయ్యడమొక్కటే ఉంది. పెట్టేస్తే మా ఇంట్లో టిక్కు కూడా వినబడదు. నేను పోయానని అనుకుంటారు. పోలేదని తెలిస్తే ఇంకా హీనం, మొగుణ్ణి వద్దనుకుని పెట్టేసిందంటారు. మాటలు లేని ఇన్నాళ్ళూ మా కాపురం ఆ సుత్తి చప్పుడు మీదే నిలబడి ఉంది. అది కూడా నా చేత్తో తెంపితే ఇంక వెనక్కి వెళ్ళి ఏ మొహంతో గుమ్మం ఎక్కను?

ఇంకో సంగతి కూడా నన్ను తినేస్తోంది. ధనరాజుకు ఈ రూలు నాకన్నా బాగా తెలుసు. తెప్ప మీద వాటా కారుతోందని దండోరా వేసి ఉంటారు. ఆయన చెవిలో టిక్కు లేదు, సముద్రం ఉంది, నేనున్నాను. ఆయన పెట్టెయ్యొచ్చు. పెట్టెయ్యలేదు. అంటే పంచాయితీ కూడా విన్నాడు. ఫోను పాతది అని నేనన్న మాట విన్నాడు. నిన్నటి నుంచి నేను ఏమీ అనకపోవడం కూడా వింటున్నాడు.

ఇవాళ్టి బులెటిన్: వాటా సగానికి దిగింది. మరిడికి నొప్పులు ఏ వేళకైనా రావచ్చు.

నమోదు 7. అక్కడే, సాయంత్రం అన్నాల ముందు

తీగలు చుడుతుంటే మావయ్య వచ్చాడు. తువ్వాలుకు చేతులు తుడుచుకున్నాడు. తరవాత నా పక్కన కూర్చుని, ఎవరికీ వినబడకుండా అడిగాడు.

"రత్నమ్మా, నాకు తెలవకుండా నా సెయ్యే ఏదన్నా నొక్కేసిందేమో. నిద్దర్లో కూడా జేబులో ఎట్టుకునే తొంగుంటాను గదా. సరంగుని అడిగి ఓపాలి ఇప్పి సూడమ్మా. నా వల్లే అయితే ఆ పిల్లకి మొకం ఎలా సూపించేది?"

దొంగ అన్నా నోరెత్తని మనిషి, నేనన్న ఒక్క మాటకు తననే తాను అనుమానించుకున్నాడు. మేస్త్రీ చెప్పింది కాబట్టి నిజమై ఉంటుందని రోజంతా తన వేళ్ళను తనే తిట్టుకుని ఉంటాడు. చుడుతున్న తీగలు కింద పడేసి లేచాను.

ఆయన చెయ్యి పట్టుకుని అన్నాల దగ్గరకు తీసుకెళ్ళాను. అందరూ ఉన్నారు. కారుతున్నది నా ఫోను, నిలుపుకాల్ హోల్డులో పెట్టకుండా దాటించాను, నిన్ననే తెలిసింది, తెలిసీ చెప్పలేదు అన్నాను. ఇంకొంచెం పొడుగ్గా చెప్పాలని మాటలు కూర్చుకున్నాను గానీ ఆ ముక్కలు తప్ప ఇంకేవీ నోటికి రాలేదు. వెల్డరు గిన్నెలోకి చూస్తూ ఉండిపోయాడు. మావయ్య మాత్రం నా చెయ్యి మెల్లగా వదిలించుకున్నాడు.

సరంగు అన్నాడు, "ఇంకా నడుత్తానే ఉందా?"

ఉందన్నాను. అందరి ముందే మాట్లాడాను. ధనరాజుతో మాట్లాడి ఎన్నాళ్ళయిందో, మొదటి మాట ఏం చెప్పాలో తెలియలేదు.

"ఇను. ఇది పెట్టేత్తన్నాను. నేను బతికే ఉన్నాను. నీ మీద కోపంతో కాదు. మరిడికి పురుడవగానే నాకు రింగియ్యి. బాగుంటే ఒకటి, బాగోపోతే రెండు. నేను ఎత్తను."

సుత్తి ఆగింది. ఆయన ఊపిరి వినబడింది. నేను అంతకుముందు ఎన్నడూ గమనించలేదు, ఆయన ఊపిరి కొసలో చిన్న ఈల వస్తుంది.

"మొన్నే పెట్టేద్దావనుకున్నాను," అన్నాడు. "నిన్న కూడా అనుకున్నాను. నా సెయ్యి రాలేదు. నువ్వే పెట్టు."

పెట్టేశాను.

చెవిలో ఏమీ లేకపోవడం నాకు ఇదే మొదటిసారి. సముద్రం ఒక వైపు నుంచే వినబడుతోంది. మావాళ్ళు చెవులు తడుముకుంటుంటే నేను ఏడిపించాను కదా, నా చెయ్యి కూడా దానంతట అదే అటు పోతోంది.

సరంగు పెట్టె తెరిచి బ్యాటరీ తీసి మావయ్య ముందు పెట్టాడు, పొరపాటైందన్నాడు. మావయ్య ఫోనునూ బ్యాటరీనీ కలపకుండా తీసుకెళ్ళి ఎండుమిరపకాయల డబ్బాలో పడేశాడు. దానికి చెడ్డపేరు వచ్చింది, ఇంటికెళ్ళేదాకా అందులోనే ఉండనీ అన్నాడు. తరవాత వడ్డించాడు. నాకు తలకాయే వేశాడు. వెయ్యకపోతే బాగుండేది, అన్నం ఎలాగో మింగేదాన్ని.

నమోదు 8. అక్కడే

పొద్దున్న నిచ్చెన సగంలో ఉండగా నా ఫోను మోగింది. ఒక్క రింగు, ఆగిపోయింది. కింద మావయ్య గరిటె పట్టుకునే పరుగెత్తుకొచ్చాడు. వెల్డర్లు ఈల వేశారు. నేను గబగబా దిగుతున్నాను.

ఆఖరి మెట్టు మీద ఉండగా మళ్ళీ మోగింది. ఒక్కటే. ఆగిపోయింది.

అది ఒకటా, రెండా? రెండు అంటే వెంటవెంటనే రావాలి కదా అన్నాడు మావయ్య నా మొహంలోకి చూస్తూ. ఆయనకు నా మాట మీద ఇంకా నమ్మకం ఉంది, లేదా ఇంకెవరినీ అడిగే దారి లేదు. చెయ్యి జారి ఉంటుందని ఒకరన్నారు. తల్లికి ఒకటి, బిడ్డకు ఒకటి అని ఇంకొకరు.

నేను చేస్తాను, ఒక్క నిమిషం మాట్లాడతాను, ఆ కూలి ఎలా కట్టాలో తరవాత చూసుకుంటాను అని ఫోను తీశాను. మావయ్య నా మణికట్టు పట్టుకున్నాడు.

"వద్దు. ఆ తెర ఇంకా నడుత్తుంటేనో? నువ్వు మాటాడితే అది ఆగిపోద్ది."

ఆయన పాఠం బాగానే నేర్చుకున్నాడు. నా దగ్గరే నేర్చుకున్నాడు. మధ్యాహ్నం కూర మాడింది, అందరూ అదే తిన్నారు. రేవుకు పోవడానికి ఇంకా కేబులు పని మిగిలి ఉంది. అది తొందరగా చెయ్యడం తప్ప నేను ఇంకేమీ చెయ్యలేను. చేతులు కోసుకుపోయేలా చేశాను.

నమోదు 9. సమాఖ్య రేవు, ఉచిత నెట్ హాలు

హాల్లో బెంచీలన్నీ రంగు రంగుల తలపాగాల జనంతో నిండిపోయాయి. ప్రతివాడూ గోడ వైపు తిరిగి తన ఇంటివాళ్ళతో మాట్లాడుతున్నాడు. మావయ్యకు నా ఫోను ఇచ్చాను. తను చెయ్యనన్నాడు, ముందు నన్నే వినమన్నాడు.

ధనరాజు చెప్పాడు. ఆడపిల్ల. మరిడి బాగుంది. కాన్పు పొద్దున్నదాకా సాగింది. డాక్టరు తెరలో చెబుతూ ఉండగా నర్సమ్మ బిడ్డను తిప్పింది, కాళ్ళు ముందు వచ్చాయి. చేతులు ఎలా తియ్యాలో డాక్టరు చెబుతున్నాడు, అప్పుడు వాటా అయిపోయింది. తెర నల్లబడింది. నర్సమ్మ ఇంక ఆగలేదు, ఆగకూడదు కూడా. లాగింది. బిడ్డ ఏడ్చింది. కుడిచెయ్యి కదలడం లేదు. తరవాత రెండో తెప్పవాళ్ళ వాటా అప్పు తెచ్చి డాక్టరుకు చూపించారు. నరం సాగిందన్నాడు. చాలామందికి నెలల్లో తిరిగొస్తుంది, కొందరికి రాదు, ఇప్పుడే చెప్పలేనన్నాడు.

"తల్లి బాగుందని ఒకటిచ్చాను," అన్నాడు. "ఆ తరవాత సెయ్యి సంగతి తెలిసింది. దానికి ఏ రింగివ్వాలో నాకు తెలవలేదు రత్నం."

నేనే పెట్టిన లెక్క అది. బాగుంటే ఒకటి, బాగోపోతే రెండు. మధ్యలో ఏమైనా జరగొచ్చని నాకు తోచలేదు.

ఒక సంగతి నేను మరిచిపోకుండా ఇక్కడ రాసిపెడుతున్నాను. తెలియక కారింది వేరు. దీపం చూశాక కూడా నేను చెవిలో దాచుకున్నది వేరు. ఆ దాచుకున్నది మిగిలి ఉంటే, ఆ బిడ్డ రెండు చేతులూ బయటికొచ్చేదాకా తెర వెలిగేది. ఇది ఎవరూ నాతో అనలేదు. ధనరాజు తనవంతు తనూ మోస్తున్నానన్నాడు. ఇద్దరం పంచుకున్నా బరువేమీ తగ్గలేదు.

మావయ్యకు చెప్పాను. మొత్తం చెప్పాను, దాచుకున్న సంగతితో సహా. ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకుని, పిల్ల ఏడ్చిందన్నావు గదా అన్నాడు. ఏడ్చిందన్నాను. అప్పుడు ఫోను తీసుకుని గోడ వైపు తిరిగి కూతురితో మాట్లాడాడు. ఆయన నవ్వుతున్నట్టు వినబడింది. నా వైపు తిరిగినప్పుడు మాత్రం నవ్వు లేదు.

నమోదు 10. మా నీళ్ళు

పొద్దున్న బోయా దాటాం. కొత్త కుర్రాళ్ళకు పాఠం ఇక మీద కూడా నువ్వే చెప్పు, కాకపోతే ముందుగా నీ సంగతి చెప్పు అన్నాడు సరంగు. సరేనన్నాను. సెట్టింగులు ఏవి మూసినా సరే, నడుస్తున్న కాల్ ఒకటి ఉందేమో ముందు చెవి తడుముకుని చూసుకోవాలి. పాఠం చెప్పేవాళ్ళు తమ చెవి ముందు చూసుకోవాలి.

అందరూ హోల్డులోంచి తీసుకుంటున్నారు. డెక్కు మీద ఒక్కొక్కరి మొహం విప్పారుతోంది. నాకు తీసుకోవడానికి ఏమీ లేదు. పెట్టేసిన నిలుపుకాల్‌ను మళ్ళీ ఎలా కలపాలో మా తెప్ప మీద ఎవరికీ తెలియదు, ఎందుకంటే అవతల బతికున్నవాళ్ళు ఎన్నడూ లేరు. ఎవరు ముందు చెయ్యాలి? నేను ఫోను చేతిలో పెట్టుకుని చుక్కాని దగ్గర కూర్చున్నాను. చెయ్యడానికి నాకు అర్హత ఉందనిపించలేదు.

మోగింది. ఒకటి. రెండు. మూడు. ఆగలేదు. మా నీళ్ళలో ఎత్తితే ఖర్చు లేదని గుర్తొచ్చి ఎత్తాను.

ధనరాజు మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు. ఎసరు మరుగుతోంది. ఊపిరి కొసలో ఈల ఉంది. సుత్తి చప్పుడు లేదు. దాని బదులు చాలా దగ్గరగా, కీచుగా, ఆగి ఆగి ఒక పసిబిడ్డ ఏడుపు వినబడింది. మరిడి గది మా ఇంటి గోడకు అవతలే. ఆయన ఫోనును ఆ గోడకు ఆనించి పెట్టాడు. ఇక మీద నా నిలుపుకాల్‌లో ఈ ఏడుపు కూడా ఉంటుంది.

వంటగదిలోకి వెళ్ళాను. మావయ్య గిన్నెలు తోముతున్నాడు. ఆయన ఫోను ఇంకా మిరపకాయల డబ్బాలోనే ఉంది. నేను నా చెవిలోది తీసి, తడి తుడిచి, ఆయన చెవికి పెట్టాను. ఏమిటని అడగబోయి ఆగిపోయాడు. గిన్నె మెల్లగా కింద పెట్టి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. మిగిలిన గిన్నెలు నేను తోమాను. పడవ తెప్పకు చేరి తాడు కట్టేదాకా ఆయన దాన్ని తియ్యలేదు, నేను అడగలేదు.